నీడ మన వైపు

మా ఆయన కోప్పడే మనిషి కాదు. ఇంట్లో ఆ పని మొదటినుంచీ నేనే చూసుకుంటున్నాను. అందుకే మొన్న పోస్టులో వచ్చిన కవరు విప్పి చదువుతూ ఆయన కుర్చీ చేతిని ఫెడీమని గుద్దేసరికి నేను ఉలిక్కిపడ్డాను. ఎనభై ఒకటో ఏట రక్తపోటు ఎందాకా ఎగబాకుతుందో ఎవరు చెప్పొచ్చారు? పొయ్యి కట్టేసి, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ పరిగెత్తాను.

"ఏమైందండీ?"

"తలకిందులుగా పెట్టారోయ్," అన్నారు. కవరు నా చేతిలో పెట్టారు.

కవరులో ఉన్నది ఆహ్వానం. యుద్ధం రోజుల్లో మేమిద్దరం పనిచేసిన వైమానిక స్థావరాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారట. శనివారం పొద్దున ప్రారంభం. అప్పట్లో మా ఆయన విమానంలోంచి తీసిన ఫోటో ఒకటి తలుపంత చేసి, గోడకి బిగించి, కింద ఆయన పేరు రాశారట. ఆయన వచ్చి దాని పక్కన నిలబడి, అందరి ముందూ పతకం తీసుకోవాలి. ఆహ్వానం మీద అదే ఫోటోని అరచేతంత అచ్చేశారు. దాని కింద, 'శత్రువుల రహస్య ఆయుధ డిపోను కనిపెట్టిన సాహస వైమానికుడు' అని ఉంది.

కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఏటి ఒడ్డున ఆరు వరసల్లో నలభై రెండు గుండ్రటి దిబ్బలు. కాగితాన్ని పైది కిందికి వచ్చేలా తిప్పాను. దిబ్బలు మాయమయ్యాయి. నలభై రెండు గుంటలు ప్రత్యక్షమయ్యాయి.

ఇక నా సంగతి చెప్పాలా? ఒళ్లు మండిపోయింది. ఏ అబద్ధం మీద సంతకం పెట్టనని మొండికేసి ఈ మనిషి విమానం నడిపే అర్హత పోగొట్టుకున్నారో, సరిగ్గా ఆ అబద్ధం కిందే ఇప్పుడు ఆయన పేరు అచ్చేశారు. శనివారం వెళ్లి నవ్వుతూ నిలబడితే అదే నిజమైపోతుంది. వెళ్లకుండా ఇంట్లో కూర్చున్నా అదే నిజమైపోతుంది. ఆ గుంటల్లో పనిచేసుకునే వాళ్ల మీదికి బాంబులు పిలిచినవాడు ఈయనేనని రేపు స్కూలు పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకుంటారు. యాభై నాలుగేళ్లు ఊరుకున్నాం. ఇంక ఊరుకునేది లేదు.

అసలు జరిగింది నేను చెబుతాను. చెప్పే హక్కు నాకుంది. అది జరిగిన గదిలో నేనున్నాను.

మా ఆయన వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. కొడుక్కి చిన్నప్పుడే స్టీరింగు మీద మోజు పుట్టేసరికి ఇంటిల్లిపాదీ మరో బస్సు డ్రైవరు తయారవుతున్నాడనుకున్నారు. ఈయన పోయి పోయి పొలాలకి మందు చల్లే చిన్న విమానాల కంపెనీలో చేరారు. కరెంటు తీగల కిందనుంచి దూరి, పైరు మీద రెండు నిలువుల ఎత్తులో పోవడం, గట్టు రాగానే ముక్కు పైకెత్తడం. పొద్దస్తమానం అదే పని. యుద్ధం రాగానే వైమానిక దళం వాళ్లే ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. యుద్ధ విమానం ఇస్తారని ఈయన ఎగిరి గంతేశారు. తీరా చూస్తే ఇచ్చింది ఫోటోలు తీసే విమానం.

దానికి తుపాకుల్లేవు. తుపాకులు ఉండాల్సిన చోట అదనపు పెట్రోలు ట్యాంకు, పొట్టలో కెమెరాలు. ఆకాశంలో కలిసిపోవాలని ఒళ్లంతా లేత నీలం రంగు. మిగతా పైలట్లు ఈయన కనబడితే చాలు, "ఏం బాబూ, పెళ్లి ఫోటోలు ఎప్పుడు తీస్తున్నావ్?" అని ఏడిపించేవాళ్లు. ఏడిపించడం సులువే. ఫోటో తీసేటప్పుడు విమానం ఒకే ఎత్తున, ఒకే వేగంతో, గీత గీసినట్టు తిన్నగా పోవాలి. కిందనుంచి గుళ్లు పేలుతుంటే ఎవరైనా పక్కకి తప్పుకుంటారు. ఈయన తప్పుకుంటే ఫోటో పాడవుతుంది. అందుకని ఒకటినుంచి డెబ్భై దాకా పైకే లెక్కపెట్టుకుంటూ, చెమటలు కక్కుకుంటూ, తిన్నగానే పోయేవారు. డెబ్భై అన్నాకే తప్పుకోవడం. చేతిలో తుపాకీ ఉంటే ధైర్యం ఎవరికైనా వస్తుంది. ఆ డెబ్భై అంకెలు లెక్కపెట్టి చూపించమనండి, ఒప్పుకుంటాను.

అలా ముప్ఫై ఎనిమిదిసార్లు వెళ్లారు, ముప్ఫై ఎనిమిదిసార్లూ తిరిగొచ్చారు. అందుకే విమానం చూసుకునే మెకానిక్కు ఆయనకి 'తిరుగుటపా' అని పేరు పెట్టాడు. ఆ మెకానిక్కుని మేమందరం జిడ్డు అనేవాళ్లం. చేతులకి ఎప్పుడూ ఉండే నూనె వల్ల సగం, పట్టుకుంటే వదలడు కాబట్టి సగం.

నేను ఫోటో గదిలో పని. ఫోటోలు చదివేదాన్ని. మా భాషలో చదవడమనే అనేవాళ్లం. రేకుల కప్పు, మందు నీళ్ల వాసన, తీగకి క్లిప్పులతో వేలాడదీసిన తడి ప్రింట్లు, కిటికీ కింద పొడుగాటి బల్ల. బల్ల పైన గోడ మీద నాకంటే ముందు పనిచేసిన ఎవరో సుద్దతో రాసి పెట్టారు: 'నీడ మన వైపు.' ఆ గదిలో అడుగుపెట్టినవాళ్లకి మొదట నేర్పేది ఆ మూడు మాటలే.

మన కంటికి ఒక చెడ్డ అలవాటుంది. వెలుతురెప్పుడూ పైవైపునుంచే వస్తుందని దాని నమ్మకం. అందుకని ఆకాశంలోంచి తీసిన ఫోటోని బల్ల మీద పరిచేటప్పుడు చెట్ల నీడలు, ఇళ్ల నీడలు మన వైపుకి పడేలా తిప్పుకోవాలి. అప్పుడు గుంట గుంటలా, దిబ్బ దిబ్బలా కనిపిస్తాయి. నీడలు అవతలికి పడేలా పెట్టామో, అంతే సంగతులు. గుంట దిబ్బవుతుంది, దిబ్బ గుంటవుతుంది, ఎంత రెప్పలార్చి చూసినా మారదు. మా ప్రాంతంలో మధ్యాహ్నం నీడలు ఉత్తరానికి పడతాయి. అంటే, మ్యాపులాగా ఉత్తరం పైకి పెట్టిన ఫోటో మనల్ని ప్రతిసారీ మోసం చేస్తుంది.

మా పై అధికారికి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. ఆయన అంతకుముందు ఇరవై ఏళ్లు మ్యాపుల ఆఫీసులో పనిచేసి వచ్చాడు. ఉత్తరం పైనుండకపోతే ఆయనకి కళ్లు తిరిగేవి. ఏ పనైనా చిటికె వేసి పురమాయించేవాడు కాబట్టి మాకు చిటికెలాయన. చెడ్డవాడని అనను. తొందర మనిషి. తను పొరపాటు పడ్డానని ఒప్పుకోవడం చేతకాని మనిషి. యుద్ధంలో ఆ రెండూ కలిస్తే చెడ్డతనంతో పనిలేదు.

ఆ గురువారం మా ఆయన ఏటి వంపు దగ్గర తీసిన ఫోటోలు వచ్చాయి. మామూలుగా ఒకే చోటికి రెండు ఫోటోలు ఉంటాయి, రెండూ పక్కపక్కన పెట్టి జంట భూతద్దంలోంచి చూస్తే ఎత్తుపల్లాలు కళ్లకి కట్టినట్టు తెలుస్తాయి. ఆ రోజు రెండోదాన్ని మబ్బు మింగేసింది. మిగిలింది ఒక్కటే. నేను క్యాంటీన్లో నాలుగు ముద్దలు తిని వచ్చేసరికి చిటికెలాయన ఆ ఒక్కదాన్ని ఉత్తరం పైకి పెట్టి, పక్కన మ్యాపు పరిచి, ఫోన్లో కేకలేస్తున్నాడు.

"నలభై రెండు సార్! మట్టి కప్పిన గిడ్డంగులు! రేపు పదకొండింటికా? చాలు సార్, చాలు!"

ఫోన్ పెట్టేసి నా వైపు చిటికె వేశాడు. "సంతకం పెట్టు."

నేను ఫోటో తిప్పాను. "ఇవి గుంటలు సార్. చెట్ల నీడలు చూడండి, మీరు అటునుంచి చూశారు."

"నువ్వు తిప్పితే గుంటలు, నేను తిప్పితే దిబ్బలు. ఎటు తిప్పితే అటు మాట్లాడే ఫోటోని ఎవరు నమ్ముతారు? మ్యాపులో ఉత్తరం పైనుంటుంది. సంతకం పెట్టమ్మా."

అప్పుడే తిరుగుటపా లోపలికొచ్చారు. అప్పటికి నాకాయన అంతే, తిరుగుటపా. ఎగిరే దుస్తులు ఇంకా విప్పలేదు. ఫోటో వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూశారు.

"ఫోటో సంగతి మేడమ్‌కి తెలుసు. నాకు వాసన తెలుసు," అన్నారు.

ఫోటో తీశాక శత్రు విమానం వెంటబడితే ఆయన మబ్బుల కిందికి దిగి, ఏటి వెంట చెట్ల ఎత్తున తప్పించుకొచ్చారట. "తోళ్లు నానబెట్టే గుంటలు సార్ అవి. మా ఇంటికీ స్కూలుకీ మధ్య అలాంటిదే ఒకటుండేది. పదేళ్లు ముక్కు మూసుకుని నడిచాను, ఆ కంపు నాకు కొత్త కాదు. పక్కనే వరసగా ఇళ్లున్నాయి. తీగల మీద చిన్న చిన్న చొక్కాలు ఆరేసి ఉన్నాయి."

"వాసనకి ఫోటో ఉందా?"

"లేదు."

"సరే, తోళ్ల కార్ఖానాయే అనుకుందాం. ఆ తోళ్లతో ఎవరికి బూట్లు కుడతారు? శత్రు సైనికులకే కదా?"

"అయితే కాగితంలో బూట్లని రాయండి," అన్నారు తిరుగుటపా. "బూట్ల కోసం ఇళ్ల మీద బాంబులేద్దామని మీరు రాసి పంపండి. పైవాళ్లు ఒప్పుకుంటారేమో చూద్దాం. ఆయుధాలని రాస్తే మాత్రం నేను సంతకం పెట్టను."

నివేదిక కాగితంలో మూడు గళ్లుండేవి. 'చూసినవారు' అన్న గడిలో పైలట్ సంతకం, 'చదివినవారు' అన్న గడిలో నాది, కింద అధికారిది. చిటికెలాయన మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. మీ సంతకాలు లేకపోతే యుద్ధం ఆగిపోతుందనుకుంటున్నారా అని మూడో గడిలో తన సంతకం గీకేసి, పై రెండు గళ్లూ ఖాళీగానే పంపించేశాడు. స్థావరం కమాండర్ పై ఆఫీసుకి వెళ్లారు, మర్నాడు పొద్దున పదింటికి గానీ రారు. వచ్చాక చెప్పినా, ఒట్టి నోటిమాట నమ్మి దాడి ఆపుతారా? ఇంకో ఫోటో కావాలి. దాన్ని ఎటు తిప్పినా గుంట గుంటగానే ఉండాలి. అలాంటి ఫోటో ఆకాశంలోంచి రాదు. పక్కనుంచి తీయాలి. అంటే ఏటి మీద, చెట్ల కంటే కిందనుంచి.

మర్నాడు ఏడింటికి తిరుగుటపా గది గుమ్మంలో నిలబడ్డారు.

"మందు నీళ్లు కలిపి ఉంచండి మేడమ్. ఇంజిన్ పరీక్షకి వెళ్తున్నాను."

"ఎంత దూరం?"

"ఇంజిన్‌కి ఎంత దూరం పోవాలనిపిస్తే అంత."

ఇంజిన్ పరీక్షంటే స్థావరం చుట్టూ రెండు చుట్లు తిరిగి దిగాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మెకానిక్కు రాసిస్తే చాలు. జిడ్డు రాసిచ్చాడు. ట్యాంకులు రెండూ నిండా పోశాడు. కెమెరాని పొట్టలోంచి ఊడదీసి పక్క కిటికీకి బిగించాడు. ఎవరైనా అడిగితే ఏం చెబుతావని నేనడిగితే, "ఇంజిన్‌కి జలుబు చేసింది, చూపించడానికి తీసుకెళ్లారని చెబుతా," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది.

ఆ తర్వాత జరిగింది ఆయన నాకు వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. ఏటి వంపు రాగానే ఆయన అలవాటైన ఎత్తుకి దిగారు, పైరు మీద మందు చల్లే ఎత్తుకి. యుద్ధంలో మొదటిసారి హాయిగా అనిపించిందట. డెబ్భై లెక్కపెట్టే పని లేదు. కార్ఖానా గోడ, ఇళ్లు, గుంటలు, మళ్లీ గోడ, నాలుగు అంకెల్లో అయిపోయింది. అయిపోయాక ఆయనకి అనుమానమొచ్చింది, కెమెరా సరిగ్గా తిరిగిందో లేదోనని. ఇంకెవరైనా అయితే చాల్లే అనుకుని వచ్చేసేవారు. ఈయన వెనక్కి తిరిగి మళ్లీ వెళ్లారు. రెండోసారికి వంతెన మీది కాపలావాళ్లు తేరుకున్నారు. తోక చిల్లులు పడింది. ఎడమ మోకాలి కింద ఒక గుండు దిగింది.

నేను గదిలో గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదైంది. తొమ్మిదింబావు అయింది. రన్‌వే అవతల బాంబులేసే విమానాలు ఆరూ వరసగా నిలబడి ఉన్నాయి. వాటి పొట్టల కింద పనివాళ్లు తోపుడు బళ్ల మీద బాంబులు తెచ్చి పెడుతున్నారు. చిటికెలాయన నా వెనక పచార్లు చేస్తూ, నీ ఫోటోగ్రాఫర్ ఏడీ అని ఒకటికి పదిసార్లు అడిగాడు. ఏమో సార్, ఇంజిన్ని అడగండి అన్నాను. నా నోటికి హద్దు లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

తొమ్మిది నలభైకి లేత నీలం విమానం ఒక పక్కకి ఒరిగిపోతూ దిగింది. జిడ్డు కాక్‌పిట్ ఎక్కి ముందు పైలట్‌ని కాదు, కెమెరా డబ్బా దించాడు. లోపలినుంచి ఆయనే అలా చెయ్యమన్నారట. జిడ్డు డబ్బా పట్టుకుని నూనె కాళ్లతో పరిగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టి, "బతికే ఉన్నాడు, నువ్వు పని చూడు," అన్నాడు.

డార్క్‌రూమ్‌లో తలుపు గడియ పెట్టుకున్నాను. పళ్లెంలో కాగితం వేసి ఊపుతుంటే ముందు గోడ తేలింది, తర్వాత ఇళ్లు, తీగల మీద చిన్న చొక్కాలు. ఆ తర్వాత ఆవిడ తేలింది.

గుంటలో నడుం లోతున నిలబడి ఉంది. పై సగమే కనిపిస్తోంది, గుంట అంచు ఆవిడ నడుము దగ్గర గుండ్రంగా కోసినట్టు ఉంది. చేతిలో తోళ్లు కలియబెట్టే పొడుగు కర్ర. ఆ కర్రని విమానం మీదికి ఎత్తి, నోరంతా తెరిచి తిడుతోంది. భయపడి దాక్కోలేదు మహాతల్లి. తిడుతోంది. నాకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి.

ప్రింటు ఆరబెట్టే వ్యవధి లేదు. నీళ్లు కారుతుండగానే రెండు వేళ్లతో పట్టుకుని బయటికొచ్చాను. చిటికెలాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"అది ఇటివ్వు. అనుమతి లేని ఫోటో అది."

"తప్పుకోండి సార్, మందు నీళ్లు మీద పడితే మరక పోదు," అని ఆయన చంక కిందనుంచి దూరి పరిగెత్తాను.

కమాండర్ అప్పుడే జీపు దిగుతున్నారు. నిన్నటి ఫోటో, ఇవాళ్టి ఫోటో ఆ జీపు ముందు రేకు మీదే పరిచాను. నిన్నటిది ఉత్తరం పైకి పెట్టి చూపించాను, తర్వాత తిప్పి చూపించాను. ఆయన వంగి తడి ఫోటోలోని ఆవిడని చూస్తూ ఉండిపోయారు. చిటికెలాయన ఆయాసపడుతూ వచ్చి, ఇది క్రమశిక్షణ కాదు సార్ అని ఏదో మొదలుపెట్టాడు.

"దిబ్బలో ఎవరూ నడుం లోతున నిలబడరయ్యా," అన్నారు కమాండర్.

లోపలికెళ్లి ఫోన్ తీశారు. పదీ నలభైకి బాంబు విమానాల ఇంజిన్లు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆరోది ఆగాక ఎంత నిశ్శబ్దమంటే, ఆసుపత్రి గదిలో తిరుగుటపా జిడ్డుని తిట్టడం నాకు వినిపించింది. పెట్రోలు ఇంకొంచెం పోయాల్సింది, మూడోసారి కూడా తిరిగేవాణ్ని అంటున్నారు.

తర్వాతి వారం విచారణ పెట్టారు. అనుమతి లేకుండా శత్రు భూభాగంలోకి వెళ్లడం, ప్రభుత్వ విమానానికి నష్టం కలిగించడం. పొరపాటైందని ఒక్క ముక్క రాసిస్తే మందలించి వదిలేస్తామన్నారు. ఊతకర్ర మీద నిలబడి ఆయన, "ముప్ఫై తొమ్మిదోసారి కూడా తిరిగొచ్చాను. నిజం తీసుకునే వచ్చాను. అందులో పొరపాటు ఎక్కడుందో మీరు చూపించండి, రాసిస్తాను," అన్నారు. ఎవరూ చూపించలేదు. విమానం నడిపే అర్హత మాత్రం తీసేశారు. ఫైల్లో ఏం రాశారో తెలుసా? 'వాతావరణం అనుకూలించక దాడి వాయిదా.' ఆ శుక్రవారం ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. ఆయుధ డిపో అన్న మొదటి నివేదికని రద్దు చేస్తే ఎవరో ఒకరు పొరపాటు పడ్డట్టు ఒప్పుకోవాలి కదా, అందుకని దాన్ని అలాగే ఉంచేశారు.

రెక్కలు తీసేసి ఆయన్ని యుద్ధం అయ్యేదాకా ఫోటో గదిలో కూర్చోబెట్టారు, నా బల్ల పక్కనే. శిక్ష ఆయనకి, లాభం నాకు. పెళ్లయ్యాక మళ్లీ ఎగరడానికి లైసెన్సు కావాలని పదకొండు దరఖాస్తులు పెట్టుకున్నారు. పదకొండూ తిరిగొచ్చాయి. పన్నెండోదాన్ని నేను రాశాను, దాంట్లో ఏం రాశానో మా పిల్లలకి చెప్పలేను. లైసెన్సు వచ్చింది. అరవై రెండో ఏటి దాకా పొలాలకి మందు చల్లారు. "ఆకాశం వాళ్ల అబ్బ సొత్తా?" అనేవారు, విమానం ఎక్కే ప్రతిసారీ.

కర్రెత్తి తిడుతున్న ఆవిడ ఫోటో మా ముందుగదిలోనే ఉంది, కింది మూల నీళ్ల చారతో సహా. ఆవిడెవరో మాకు తెలియదు. ఇంటికొచ్చినవాళ్లు మీ చుట్టమా అని అడిగితే అవునంటారు ఈయన.

శనివారం పొద్దున ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నారు. జేబు బరువుగా వేలాడుతుంటే ఏమిటండీ అదన్నాను. స్క్రూడ్రైవరు తీసి చూపించారు. నేను గోడమీది ఫోటో దించి సంచిలో పెట్టుకున్నాను.

మా పాత ఫోటో గదికి తెల్లటి సున్నం వేసి, నేల నున్నగా చేసేశారు. సుద్ద రాత ఎప్పుడో చెరిగిపోయింది. సరిగ్గా ఆ గోడకే మా ఆయన ఫోటో బిగించారు, ఉత్తరం పైకి. యూనిఫారంలో ఉన్న అమ్మాయి ఒకతి, మ్యూజియం అధికారి, ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

"తాతగారూ, మీరిక్కడ నిలబడండి. పెద్దసారు పతకం పెడతారు."

"పతకం తర్వాతమ్మా. ముందు ఈ ఫోటో తిప్పాలి. తలకిందులుగా ఉంది."

"లేదండీ, నేనే దగ్గరుండి బిగింపించాను. మ్యాపుకైనా ఫోటోకైనా ఉత్తరం పైనే కదండీ ఉండాలి?"

యాభై నాలుగేళ్ల తర్వాత అదే గదిలో అదే మాట. చిటికెలాయన పోయి చాలా కాలమైంది, ఆయన చిటికె మాత్రం పోలేదు. నేను నోరు తెరవబోయాను. మా ఆయన ఆగమన్నట్టు నా చెయ్యి నొక్కి, ఆ అమ్మాయి చేతిలోని ఆహ్వానాన్ని మెల్లగా తీసుకుని, తిప్పి, మళ్లీ ఆమె చేతిలో పెట్టారు.

ఆ అమ్మాయి చూసింది. కాగితాన్ని మొదటిలాగా పెట్టి చూసింది. మళ్లీ తిప్పింది.

"ఇవి గుంటలు కదండీ," అంది.

"అవునమ్మా. తోళ్లు నానబెట్టేవి."

ఆయన స్క్రూడ్రైవరు తీసి మొదటి స్క్రూ దగ్గర పెట్టారు. అప్పటిదాకా వెనక కబుర్లాడుతున్న పెద్దసారు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమండీ, ఇదేం పని? ఇది ప్రభుత్వ ఆస్తి!"

"ఫోటో మీది బాబూ. అందులో ఉన్నవాళ్లు మీ ఆస్తి కాదు," అన్నారు మా ఆయన, స్క్రూ తిప్పుతూనే.

పైన ఉన్న రెండు స్క్రూలు ఆయనకి అందలేదు. తర్వాత ఆ అమ్మాయి కుర్చీ లాక్కొచ్చి, ఎక్కి, చెయ్యి చాచింది. ఆయన స్క్రూడ్రైవరు ఇచ్చారు. పెద్దసారు ఆమెని పేరు పెట్టి అరిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

ముగ్గురం కలిసి పలకని తిప్పి నిలబెట్టాం. గదిలో ఉన్నవాళ్లందరి నోటినుంచీ ఒకేసారి చిన్న చప్పుడు వచ్చింది. నలభై రెండు దిబ్బలూ వాళ్ల కళ్లముందే నేలలోకి దిగిపోయాయి. పక్కనున్న ఇళ్లు, చెట్లు, వాటి నీడలు, అన్నీ మా వైపుకి.

నేను సంచిలోంచి ఆవిడ ఫోటో తీసి దాని పక్కన ఆనించాను. మా ఆయన కింద ఉన్న అట్ట మీద 'ఆయుధ డిపో' కొట్టేసి 'గుంటలు' అని రాశారు. 'చూసినవారు' అని రాసి సంతకం పెట్టి, కలం నాకిచ్చారు. నేను 'చదివినవారు' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు ఖాళీగా పోయిన రెండు గళ్లవి. పతకం పెట్టె పెద్దసారు చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఇవ్వలేదు, ఈయన అడగలేదు.

మేం వచ్చేశాక మళ్లీ ఉత్తరం పైకి తిప్పేశారేమో తెలియదు. తిప్పితే తిప్పనీ. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం, అక్కడ టిక్కెట్టు కూడా లేదట. స్క్రూడ్రైవరు ఇంకా ఆయన జేబులోనే ఉంది. చొక్కా ఉతకడానికివ్వమంటే ఇవ్వడం లేదు.